కర్నూలు నుంచి బెంగళూరు దాకా: డీజిల్ ఎస్‌యూవీకి జాతీయ రహదారి మీద మైలేజీ పెంచుకునే తీరు

కర్నూలులో ఎస్‌యూవీ ఉన్న కుటుంబాల్లో నెలకొకసారైనా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి హైదరాబాదు వైపో బెంగళూరు వైపో వెళ్లనివారు తక్కువ. పిల్లల ఉద్యోగాలు, ఆసుపత్రి పనులు, పెళ్లిళ్లు, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ బండి ఉన్న ఇద్దరి మధ్య మైలేజీ మాట వచ్చినప్పుడు ఒకరు లీటరుకు 18 వస్తోందని, ఇంకొకరు 12 దాటడం లేదని చెప్పడం చాలాసార్లు విన్నాను. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఆ రెండు బండ్ల ఇంజిన్ల మధ్య ఉన్న తేడా కంటే, వాటిని నడిపే వేగంలోనూ, బ్రేకు తొక్కే తీరులోనూ ఉన్న తేడా ఎన్నో రెట్లు పెద్దది. పన్నెండేళ్లుగా ఈ దారిలో డీజిల్ బండ్లు నడుపుతూ, పోయించిన ప్రతి ట్యాంకు లెక్కా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చిన మీదట, ఏది నిజంగా డీజిల్ మిగులుస్తుందో, ఏది మిగిల్చినట్టు అనిపిస్తుందో కొంతవరకు వేరుచేసి చెప్పగలననుకుంటున్నాను.

ముందు కొలత సరిగ్గా ఉండాలి. మీటరు బోర్డు మీద కనిపించే సగటు మైలేజీ అంకె చాలా బండ్లలో వాస్తవం కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. రెండు ప్రయాణాలను పోల్చుకోవడానికి అది పనికొస్తుంది గానీ అసలు లెక్కకు పనికిరాదు. ఒక బంకులో ట్యాంకు నింపించి, గన్ తనంతట తాను ఆగిన చోటే ఆపించి, ట్రిప్ మీటరును సున్నా చేయాలి. కనీసం నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక, వీలైతే అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ గన్ దానంతటది ఆగేదాకా పోయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. పంపు దగ్గరి కుర్రవాడు "రౌండ్ ఫిగర్ చేసేదా సార్?" అని అడుగుతాడు, వద్దని చెప్పాలి. గన్ ఆగిన తర్వాత మెల్లగా పోసే డీజిల్ ఒకసారి అర లీటరు, ఇంకోసారి రెండు లీటర్లు పడుతుంది, దానితో లెక్క అంతా తప్పుతుంది. ఒక్క ట్యాంకుతో తీర్మానానికి రాకుండా, మూడు నాలుగు ట్యాంకుల సగటు తీసుకున్న తర్వాతే బండి బాగుందనో, బాగాలేదనో అనుకోవాలి.

వేగం సంగతి

రహదారి మీద సమాన వేగంతో పోయే బండిలో డీజిల్ ప్రధానంగా రెండు పనులకు ఖర్చవుతుంది: ఎదుటి గాలిని చీల్చుకుని పోవడానికి, టైర్లు రోడ్డు మీద దొర్లడానికి. టైర్ల దొర్లుడుకు పట్టే బలం వేగంతో పాటు పెద్దగా మారదు. గాలి మాత్రం అలా ఊరుకోదు. వేగం పెరిగే కొద్దీ దాని నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. అంటే 80 నుంచి 100కు వెళితే వేగం పావు వంతే పెరిగినా, గాలి నిరోధం ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. 80 నుంచి 120కి వెళితే అది రెండుంపావు రెట్లు. చిన్న కార్ల కంటే ఎస్‌యూవీకి ఈ దెబ్బ ఎక్కువ తగలడానికి కారణం దాని ఎత్తు, వెడల్పు, నిటారుగా నిలబడిన ముఖం. గాలికి అడ్డంగా పట్టిన తలుపు లాంటిది అది.

నలుగురు మనుషులతో రెండు టన్నుల దాకా తూగే సాధారణ డీజిల్ ఎస్‌యూవీని తీసుకుని, దాని ఆకారానికీ బరువుకూ మామూలుగా వాడే విలువలతో లెక్క వేస్తే, గాలి కదలని రోజున, చదునైన రోడ్డు మీద, గంటకు 80 కిలోమీటర్ల దగ్గర లీటరుకు 20-21, 90 దగ్గర 18, 100 దగ్గర 16, 120 దగ్గర 12 కిలోమీటర్ల చుట్టుపక్కల తేలుతుంది. బండిని బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ జరుగుతాయి గానీ, వాటి మధ్య నిష్పత్తి అన్ని బండ్లకూ దాదాపు ఇలాగే ఉంటుంది. మొదట చెప్పిన 18, 12 అంకెల మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఈ వరుసను చూస్తేనే తెలుస్తుంది.

కర్నూలు నుంచి అనంతపురం సుమారు 150 కిలోమీటర్లు. ఆ దూరాన్ని 120 వేగంతో పోతే గంటంపావులో, 100 వేగంతో పోతే గంటన్నరలో చేరతాం. మిగిలిన ఆ పావుగంటకు, పైన చెప్పిన లెక్క ప్రకారం, రెండున్నర లీటర్లకు పైగా డీజిల్ అదనంగా కాలుతుంది. గుత్తి దగ్గర టీ తాగడానికి ఆగితే ఆ పావుగంట అక్కడే పోతుంది. 100 నుంచి 90కి తగ్గితే ఇదే దూరానికి పట్టే అదనపు సమయం పది నిమిషాలు, మిగిలే డీజిల్ ఒక లీటరుకు పైగా. నాలుగు వరుసల విభజిత రహదారుల మీద కార్ల గరిష్ఠ వేగాన్ని కేంద్రం 2018లో గంటకు 100 కిలోమీటర్లుగా నిర్ణయించింది కాబట్టి 120 గురించి మాట్లాడటమే అనవసరమని కొందరు అనవచ్చు. కానీ డోను దాటిన తర్వాత కుడి వరుసలో పోయే బండ్లను చూసినవారికి ఆ మాట ఎందుకు ఎత్తవలసి వచ్చిందో తెలుసు.

నా సలహా 85కూ 95కూ మధ్య నిలకడగా పోవడం. అంతకంటే తగ్గితే లారీల వెనుక చిక్కుకుని పదే పదే వేగం మార్చుకోవలసి వస్తుంది, మైలేజీలో ఆశించిన లాభం అక్కడే కరిగిపోతుంది. ఆ వేగంలో ఎడమ వరుసలో ఉంటూ, ముందున్న లారీని అర కిలోమీటరు దూరం నుంచే గమనించి, అద్దంలో వెనుక చూసుకుని, దాని వెనుక భాగానికి దగ్గరగా రాకముందే కుడివైపుకు మారితే, వేగం తగ్గించకుండానే దాటిపోవచ్చు. లారీ వెనుకే అంటుకుని పోతే గాలి తగలదని, డీజిల్ మిగులుతుందని చెప్పేవారున్నారు. గాలి తగ్గడం నిజమే. కానీ ఆ లారీ ఒక్కసారి బ్రేకు వేస్తే మనకు ఆగే దూరం ఉండదు. కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని ఆ పని ఎవరూ చేయకూడదు.

ఆషాఢపు గాలి, బెంగళూరు ఎత్తు

మన ప్రాంతంలో మైలేజీని వేగం తర్వాత అంతగా ప్రభావితం చేసేది గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలులు రాయలసీమ మెట్టల మీద ఎంత ఉధృతంగా వీస్తాయో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని చూసే. కర్నూలు నుంచి బెంగళూరు పోయే దారి దక్షిణంగా సాగుతుంది కాబట్టి ఈ నెలల్లో పోయేటప్పుడు గాలి ముందు కుడివైపు నుంచి తగులుతుంది, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోస్తుంది. ఎదురుగా గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తున్నప్పుడు మనం 100లో పోతే, బండి మీద పడే గాలి నిరోధం నిశ్చలమైన రోజున 120లో పోయినప్పటితో సమానం. స్పీడోమీటరు 100 చూపిస్తుంది, ట్యాంకు మాత్రం 120 లెక్కన ఖాళీ అవుతుంది. అలాంటి రోజుల్లో రోడ్డు పక్క చెట్లు, తుమ్మకంపలు ఎటు ఒరుగుతున్నాయో చూసుకుని, గాలికి ఎదురు పోతుంటే 80-85కు తగ్గడం ఉత్తమం. ఆషాఢంలో బెంగళూరు వెళ్లి వచ్చి, పోయేటప్పటి మైలేజీ చూసి బండికి ఏదో జబ్బు చేసిందని మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయేవారు, రాకపోకల రెండింటి సగటు ఒకసారి చూసుకుంటే చాలు.

ఎత్తు కూడా ఇలాంటిదే. కర్నూలు సముద్రమట్టానికి సుమారు 280 మీటర్ల ఎత్తులో ఉంటే, బెంగళూరు 900 మీటర్లకు పైన ఉంది. దాదాపు 360 కిలోమీటర్ల ప్రయాణంలో రెండు టన్నుల బండిని ఆరు వందల మీటర్లకు పైగా ఎత్తుకుపోతున్నామన్నమాట, దానికి ఇంచుమించు ఒక లీటరు డీజిల్ అదనంగా పడుతుంది. పెనుకొండ దాటి కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి వైపు సాగే కొద్దీ ఈ ఎక్కుడు కంటికి పెద్దగా కనిపించకపోయినా మైలేజీ మీటరులో కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఇందులో కొంత భాగం మనకు తిరిగి వస్తుంది. అందుకే ఒకవైపు ప్రయాణపు మైలేజీని ఎవరైనా గొప్పగా చెబితే, అది బెంగళూరు నుంచి వచ్చినదా, బెంగళూరుకు పోయినదా అని అడగాలి.

వెల్దుర్తి నుంచి డోను, ప్యాపిలి మీదుగా గుత్తి దాకా రోడ్డు మిట్టలెక్కుతూ దిగుతూ పోతుంది. ఇక్కడ క్రూయిజ్ కంట్రోల్ వాడటం గురించి ఒక మాట. అనంతపురానికి ముందు వచ్చే చదును దారిలో అది మంచి సాధనం, కాలికంటే నిలకడగా వేగాన్ని పట్టి ఉంచుతుంది. మిట్టల దారిలో మాత్రం అది పెట్టిన అంకెను కాపాడటానికి ఎక్కుడులో గట్టిగా డీజిల్ తోసి, దిగుడులో వేగాన్ని అణచివేస్తుంది. ఆటోమేటిక్ గేరు బండి అయితే ఎక్కుడులో గేరు కూడా దించుకుంటుంది. అక్కడ క్రూయిజ్ తీసేసి, యాక్సిలరేటర్ మీద కాలిని కదపకుండా ఉంచి, మిట్ట ఎక్కేటప్పుడు వేగం 92 నుంచి 85కు పడినా పడనిచ్చి, దిగేటప్పుడు దానంతట అదే పుంజుకోనిస్తే, ప్రయాణ సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేకుండానే డీజిల్ మిగులుతుంది.

దిగుడు గురించి ఇంకో మాట గట్టిగా చెప్పాలి. రాయచోటి నుంచి కడప వచ్చేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ దిగేవారిలో కొందరు ఇప్పటికీ బండిని న్యూట్రల్‌లో వేసి జార్చుకుంటూ పోతారు, డీజిల్ మిగులుతుందన్న నమ్మకంతో. పాత రకం పంపులున్న బండ్ల రోజుల్లో ఆ నమ్మకం ఎలా పుట్టినా, డీజిల్ చిమ్మడాన్ని కంప్యూటరు అదుపు చేసే ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో అది తలకిందుల లెక్క. గేరులో ఉండి, కాలు యాక్సిలరేటర్ మీద నుంచి పూర్తిగా తీసినప్పుడు ఇంజిన్‌ను చక్రాలే తిప్పుతాయి, కంప్యూటరు ఇంజెక్టర్లకు డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉండాలి. పైగా ఇంజిన్ పట్టు లేకపోవడంతో భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి, మలుపు దగ్గర పట్టు తప్పుతాయి. ఆ ఘాట్‌లో ఎన్ని లారీలు లోయలో పడ్డాయో కడపవారికి తెలుసు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి.

బ్రేకు తొక్కిన ప్రతిసారీ

రెండు టన్నుల బండి 90 వేగంతో పోతున్నప్పుడు అందులో నిలవ ఉన్న శక్తిని సంపాదించడానికి దాదాపు 50 మిల్లీలీటర్ల డీజిల్ ఖర్చవుతుంది. అది సగం టీ గ్లాసు. గట్టిగా బ్రేకు వేసి ఆగిన ప్రతిసారీ ఆ సగం గ్లాసును వేడిగా మార్చి గాలిలో కలిపేస్తున్నాం, తిరిగి 90 అందుకోవడానికి ఇంకో సగం గ్లాసు పోస్తున్నాం. అలా ఇరవైసార్లు జరిగితే ఒక లీటరు. కర్నూలు నుంచి బెంగళూరు దాకా టోల్‌గేట్లు, ఊళ్ల దగ్గరి కూడళ్లు, బారికేడ్లు, డైవర్షన్లు అన్నీ కలిపితే ఇరవై దాటడం కష్టమేమీ కాదు.

అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్‌గేట్లు ఎక్కడ వస్తాయో ఈ దారిలో తిరిగేవారికి కంఠస్థమే. టోల్‌గేటు కనిపించగానే, ఇంకా ఏడెనిమిది వందల మీటర్లు ఉండగానే, కాలు పూర్తిగా తీసేసి గేరులోనే ఉంచితే, ఆ దూరమంతా డీజిల్ లేకుండానే సాగుతుంది, చివర కొద్దిగా బ్రేకు సరిపోతుంది. ఫాస్టాగ్‌లో డబ్బు ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి. గేటు ముందు ఇంజిన్ నడుస్తూ నిలబడే పది నిమిషాలు ఊరికే పోవు, ఏసీతో సహా నిలబడిన పెద్ద డీజిల్ ఇంజిన్ గంటకు లీటరుకు దగ్గరగా తాగుతుంది.

ఎదురయ్యే వాటిని దూరం నుంచే చదవడం నేర్చుకోవాలి. డివైడరు ఖాళీలో ట్రాక్టరు ముక్కు కనిపించినా, సర్వీసు రోడ్డు మీద గొర్రెల మంద ముందు కాపరి చేయి ఎత్తినా, రెండు లారీలు ఒకదాన్నొకటి దాటే ప్రయత్నంలో రెండు వరుసలనూ ఆక్రమించుకుని మిట్ట ఎక్కుతున్నా, వాటి దగ్గరకు పోయి బ్రేకు కొట్టడం కంటే అర కిలోమీటరు ముందే కాలు తీయడం మంచిది. చాలాసార్లు మనం చేరేలోపు దారి ఖాళీ అయిపోతుంది, 60 కంటే కిందికి దిగవలసిన పనే ఉండదు. ముద్దనూరు, ప్రొద్దుటూరు వైపు రోడ్లలో పంట నూర్పిళ్ల కాలంలో కంకులు, కట్టె రోడ్డు మీదే ఆరబోస్తారు, అక్కడ వేగం తగ్గించడం మైలేజీ కంటే ముందు ప్రాణం సంగతి.

గేర్ల విషయం క్లుప్తంగానే చెప్పవచ్చు. చాలా డీజిల్ ఎస్‌యూవీల్లో ఇంజిన్ బలమంతా 1500 నుంచి 2500 ఆర్పీఎం మధ్య ఉంటుంది. ఆ హద్దులో ఉంటూనే వీలైనంత పెద్ద గేరులో పోవాలి. టాప్ గేరులో 90 వేగానికి ఆర్పీఎం చాలా బండ్లలో 2000 చుట్టుపక్కలే ఉంటుంది, అది ఇంజిన్‌కు సుఖమైన చోటు. ఇంజిన్ గుర్రుమంటూ వణుకుతున్నా పెద్ద గేరులోనే పట్టుకుని లాగడం పొదుపు కాదు, గేరు దించాలి. ఫోర్ వీల్ డ్రైవ్ మీట ఉన్న బండ్లలో రహదారి మీద టూ వీల్‌లోనే ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఆరిన తారురోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే డీజిల్‌తో పాటు గేరు పెట్టెకు కూడా చేటు.

బండి మీద, బండిలో

మే నెలలో బనగానపల్లె మామిడికాయల పెట్టెలను బండి పైన క్యారియరుకు కట్టుకుని బెంగళూరు చుట్టాలకు తీసుకుపోవడం మనవైపు మామూలే. బరువు పెద్ద సమస్య కాదు. యాభై కిలోల బరువు మైలేజీని ఒక శాతం చుట్టుపక్కల తగ్గిస్తుందంతే. సమస్య అది ఉన్న చోటు. పైన కట్టిన పెద్ద పెట్టె గాలికి కొత్తగా ఒక గోడ లేపినట్టు అవుతుంది, రహదారి వేగంలో మైలేజీని పదో వంతు నుంచి పావు వంతు దాకా తినేయగలదు. మూడో వరుస సీట్లు మడిచి అవే పెట్టెలను లోపల పెట్టుకుంటే ఆ నష్టంలో చాలా భాగం తప్పుతుంది. ఖాళీ క్యారియరు కూడా ఊరికే ఉండదు. సంవత్సరంలో రెండుసార్లు వాడేదాన్ని మిగతా రోజుల్లో విప్పి ఇంట్లో పెట్టడం అరగంట పని. ముందు భాగంలో బిగించే పెద్ద ఇనుప గార్డులు బరువునూ గాలినీ రెండింటినీ పెంచుతాయి, వాటిని చట్టం కూడా ఒప్పుకోదు.

టైర్లలో గాలి గురించి అందరూ చెప్పే మాటల్లో కొంత అతిశయం ఉంది. నాలుగు టైర్లలోనూ ఐదు పీఎస్ఐ చొప్పున తగ్గితే మైలేజీ పోయేది ఒక శాతం అటూ ఇటూ మాత్రమే. అయినా నేను దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని అంటాను, ఎందుకంటే గాలి తక్కువైన టైరు ఎండాకాలం తారురోడ్డు మీద పక్కలు నలిగి, లోపల వేడెక్కి, పగిలేది రహదారి వేగంలోనే. డ్రైవరు తలుపు తీసినప్పుడు కనిపించే పట్టీ మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది, నిండు లోడుకు వెనుక టైర్లకు వేరే అంకె ఉంటుంది. "ఎంత పెట్టాల సార్?" అని పంక్చర్ షాపులో అడిగినప్పుడు అందరికీ పెట్టే అంకె చెప్పకుండా మీ బండి అంకె చెప్పండి. గాలి చూడవలసింది టైరు చల్లగా ఉన్నప్పుడు, తెల్లవారుజామున, రెండు మూడు కిలోమీటర్ల కంటే ఎక్కువ నడవకముందు; ఒక చిన్న గేజి కొనుక్కుంటే ఇంటి ముందే చూసుకోవచ్చు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే టైరు ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం గుత్తిలో ఆగి చూస్తే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ కనిపించడం సహజం. అప్పుడు గాలి తీయించకూడదు. తీయిస్తే మరుసటి ఉదయానికి అది తక్కువ గాలి టైరు అవుతుంది. నైట్రోజన్ పట్టించడం గురించి అడుగుతుంటారు. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజన్ ఉంది, ఏది పట్టించినా నెలకు రెండుసార్లు చూసుకోవడమే ముఖ్యం.

ఏసీ విషయంలో మొహమాటం వద్దు. కర్నూలు ఎండల్లో 43 డిగ్రీల దగ్గర అద్దాలు దించుకుని 90లో పోతే గాలి నిరోధం పెరుగుతుంది, మనిషి అలసిపోతాడు, అలసిన మనిషి బండిని నిలకడగా నడపలేడు. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే నాలుగు అద్దాలూ దించి ఒకటి రెండు నిమిషాలు వేడిగాలిని బయటకు పోనిచ్చి, తర్వాత అద్దాలు ఎక్కించి, లోపలి గాలినే తిప్పే బొత్తాం నొక్కితే కంప్రెసరుకు పని తగ్గుతుంది. గట్టి ఎండలో ఏసీకి గంటకు అర లీటరు దాకా పోతుందని లెక్క వేసుకోవచ్చు. దాన్ని తప్పించుకునే మంచి మార్గం తెల్లవారి ఐదింటికే బయలుదేరడం. ఎండ ముదిరేలోపు అనంతపురం దాటేస్తాం.

ఇంజిన్, చక్రాలు, షెడ్డు

బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్ల పాలిషు యూనిట్ల దగ్గర, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర రోజూ తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరును కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఉంచడం సరికాదు, సాధారణ వాడకంలో చెప్పిన గడువులో సగానికే తీసి చూడాలి. ఫిల్టరు బాగా మూసుకుపోతే పికప్ తగ్గుతుంది, తెలియకుండానే మనం యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కుతాం. గట్టి గాలి పైపుతో దులిపి మళ్లీ వేయడం కంటే కొత్తది వేయడం మంచిది, చిరిగిన ఫిల్టరు గుండా పోయే దుమ్ము టర్బోను తినేస్తుంది. డీజిల్ ఫిల్టరు అడుగున చేరే నీటిని ప్రతి సర్వీసులోనూ తీయించాలి.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల తర్వాతి డీజిల్ బండ్లలో పొగ గొట్టానికి మసిని పట్టే డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. పట్టిన మసిని కాల్చుకోవడానికి ఇంజిన్ అప్పుడప్పుడు అదనంగా డీజిల్ పోసి ఆ జల్లెడను ఆరు వందల డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది. ఆ సమయంలో మైలేజీ అంకె హఠాత్తుగా పడిపోతుంది, బండి ఆపినా ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. కంగారు పడనవసరం లేదు. ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు నిలకడగా పోతే పని పూర్తవుతుంది, మధ్యలో ఆపేస్తే మాత్రం అదే పని మళ్లీ మొదటి నుంచి చేయవలసి వస్తుంది. ఊళ్లోనే రెండేసి కిలోమీటర్లు తిరిగే బండ్లలో ఇది పదే పదే జరుగుతుంది, కాబట్టి వారానికొకసారైనా నంద్యాల దాకానో డోను దాకానో తీసుకుపోయి రావడం ఆ జల్లెడకు మంచిది. ఇంజిన్ ఆయిల్ కూడా ఈ జల్లెడకు తగినదే, కంపెనీ పుస్తకంలో ఉన్న గ్రేడుదే పోయించాలి. చిక్కటి ఆయిల్ అయితే ఇంజిన్‌కు బలమని షెడ్డులో ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, అది తిరుగుడు బరువును పెంచి డీజిల్ తింటుంది.

మూడేళ్ల కిందట నా బండి మైలేజీ రెండు ట్యాంకుల వ్యవధిలో బాగా పడిపోయింది. ఒక షెడ్డులో ఇంజెక్టర్లు పాడయ్యాయని చెప్పి, వాటిని శుభ్రం చేయించి, పెద్ద బిల్లు ఇచ్చారు. మైలేజీ మారలేదు. ఒకరోజు అనంతపురంలో దిగినప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర మాత్రమే ఇనుము కాలిన వాసన వచ్చింది. చెయ్యి దగ్గరగా పెడితే మిగతా మూడు చక్రాల కంటే అక్కడ వేడి చాలా ఎక్కువగా తగిలింది. దుమ్ము, తేమ చేరి బ్రేకు క్యాలిపరు పిన్నులు బిగుసుకుపోయి, కాలు తీసినా ఆ చక్రం మీద బ్రేకు పట్టే ఉంటోంది. పిన్నులు తీసి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టడానికి పట్టింది గంట సమయం. అప్పటి నుంచి ప్రతి దూర ప్రయాణంలోనూ ఒక పని చేస్తున్నాను, మీరూ చేయండి: చివరి కిలోమీటరు బ్రేకు దాదాపు వాడకుండా వచ్చి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తగలకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మాత్రం వేరుగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకో, బేరింగో పట్టేస్తోందని అర్థం. మైలేజీ పడిపోయినప్పుడు ఇంజిన్ విప్పేముందు చక్రాలు చూడాలి, అలైన్‌మెంటు చూడాలి, అవన్నీ బాగున్న తర్వాతే ఇంజెక్టర్ల జోలికి పోవాలి.

డీజిల్ పైపుకు కట్టే అయస్కాంతాలు, ట్యాంకులో పోసే సీసాలు, మీటరు కింద గుచ్చే చిన్న పెట్టెలు, వీటిలో దేనికీ డబ్బు పెట్టకండి. రోడ్డు మీద నడిచే బండికి వెడల్పైన, మొరటు గళ్ల టైర్లు వేయించడం కూడా అందానికే గానీ మైలేజీకి నష్టమే; టైరు చుట్టుకొలత మారితే ఓడోమీటరు లెక్క కూడా తప్పుతుందని గుర్తుంచుకోవాలి.

మిగిలింది ధర సంగతి. కర్ణాటకలో డీజిల్ మన రాష్ట్రం కంటే చవక కాబట్టి బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు బాగేపల్లి దగ్గర ట్యాంకు నింపుకోవడం మనవారికి అలవాటు, అది న్యాయమైన పొదుపే. దాని కోసమే దారి తప్పి ఇరవై కిలోమీటర్లు అదనంగా తిరిగితే మాత్రం మిగిలేది ఏమీ ఉండదు. ఇంకో సంగతి, చవకగా పోయించిన ట్యాంకుకు బండి బాగా మైలేజీ ఇచ్చినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే మనం రూపాయల్లో లెక్క వేస్తాం. నోటుపుస్తకంలో లీటర్లకు ఒక గడి, రూపాయలకు ఇంకో గడి గీయండి. వాటి పక్కనే ఏ దిశలో పోయారో, గాలి ఎలా ఉందో, పైన క్యారియరు ఉందో లేదో, ఎంత వేగంతో పోయారో ఒక ముక్క రాయండి. నాలుగు నెలలు అలా రాస్తే, మీ బండికి ఏ వేగం సరిపడుతుందో ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.